ఎడమ నడుము

ఉమారాణిని పోయిన వారం మిట్టమధ్యాహ్నం, హైవే కింది అండర్‌పాస్‌లో, ముఖానికి దస్తీ కట్టుకున్న ఒక మగవాడి ఎదుట, డబ్బా నొక్కుతూ ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది. ఇక దింపనిద్దాం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఉమారాణి చిట్యాల దగ్గర గొర్లు కాచుకునే ఇంటి కోడలు. నెల కిందట పొద్దుగూకే వేళ దొంగలు కారులో వచ్చి, వాళ్ల మందలోని గొర్లను డిక్కీలో కుక్కుకుని పోయారు. అడ్డం వచ్చిన ఆమె భర్త సైదులు కాలును ఇనుప రాడ్డుతో విరగ్గొట్టారు. సద్ది పట్టుకుని మంద దగ్గరికి వస్తున్న ఉమారాణి, డిక్కీ మూయడానికి దిగిన ఒకడి ముఖం చూసింది. తాను ఎవరి ముఖమూ చూడలేదని సైదులు అన్నాడు కాబట్టి, చూసింది ఆమె ఒక్కతే. పోలీసులు ఎవరినో పట్టుకున్నారు. రేపు పొద్దున ఆమె నల్లగొండ జైలుకు పోయి, మేజిస్ట్రేటు ముందు, వరసగా నిలబెట్టిన మనుషుల్లోంచి వాడిని చూపించాలి. ఆమె చూపిస్తేనే కేసు నిలుస్తుంది. లేకపోతే సైదులు కాలు విరిగింది ఊరికే అన్నట్టు అవుతుంది. అండర్‌పాస్‌లో దస్తీవాడు వచ్చింది ఆమె రేపు నల్లగొండకు పోకుండా చేయడానికే.

ఇంతకీ డబ్బాలోంచి ఏమొచ్చిందన్నది కదా మీ ఆత్రం! కళ్లు మండించే మిరియాల ఘాటు రావాలి. వచ్చింది ఊదా రంగు. పురుగు పడ్డ పుండ్ల మీద గొర్లకు కొట్టే మందు. వాడి నుదురూ, కళ్లూ, దస్తీ, చొక్కా కాలరూ అంతా ఊదా అయిపోయింది. వాడు "అమ్మో" అని ఒక కేక పెట్టి, కళ్లు నలుపుకుంటూ, బండి దాకా తడుముకుంటూ పోయి ఎక్కి పారిపోయాడు. ఉమారాణి చేతిలోని డబ్బాను చూసుకుని, ఆ ఎండలో, ఆ భయంలో, పిచ్చిదానిలా నవ్వింది. 

డబ్బా మారిన కథ ఆమె మామ జంగయ్య నోటే వినాలి. ఆమె ఇల్లు చేరిన కాసేపటికి ఆయన ఎర్రటి కళ్లతో వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"బిడ్డా, కొయ్యకు ఏలాడదీసిన నీ సంచిల డబ్బా ఉంటే, పుండ్ల మందు కొత్తది తెచ్చినవేమో అనుకున్న. పొద్దున్నే తీస్కపోయిన. పొట్టేలు చెవెనుక పుండు మీద ఒక్కసారి కొట్టిన, గంతే. అది ఎగిరిన ఎగురుడు నేను పుట్టినసంది చూడలే. గాలి మల్లి నా కండ్లల్లకే వచ్చె. పొట్టేలు ఒక దిక్కు, నేనొక దిక్కు!"

ఇదీ సంగతి. మామ మిరియాల డబ్బా పట్టుకుపోతే, అసలు పుండ్ల మందు గూట్లోనే ఉండిపోయింది. మామ మరిచిపోయాడనుకుని, సద్దితో పాటు ఇద్దామని ఉమారాణి దాన్ని ఒడిలో దోపుకుంది. నడుముకు కట్టుకున్న సంచిలో తాళంచెవుల గుత్తి బరువు తగులుతుంటే డబ్బా కూడా అందులోనే ఉందనుకుంది. లోపలికి తొంగి చూడలేదు. సంచి పోయాక ఆ భయంలో చేతికి అందింది ఒడిలోని డబ్బానే, ఏ డబ్బా అని చూడకుండా అదే నొక్కింది.

జంగయ్య చెబుతుంటే మంచం మీద పట్టీ కాలు చాపుకుని ఉన్న సైదులు కూడా నవ్వాలి. నవ్వలేదు.

"రేపు నల్లగొండ పోకు. గొర్లు పోతే పోయినయ్. కాలు అతుకుతది. నీకేమన్న అయితే నేను ఎట్ల బతకాలె?" అన్నాడు గోడ వైపు తిరిగి.

 పెళ్లయి ఇన్నేళ్లలో అలాంటి మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. "జర నువ్వు ఫికర్ చెయ్యకు" అని అన్నం గిన్నె ఆయన పక్కన పెట్టింది. కూర వడ్డించడం మరిచిపోయి బయటికి వచ్చింది.

బయటికి వచ్చి లోపలికి పోయింది. నీళ్లు తోడబోయి బొక్కెన బావిగట్టు మీదే వదిలేసింది. కూర్చుందామని అరుగు మీద కూర్చుని వెంటనే లేచింది. చెయ్యి మాటిమాటికీ ఎడమ నడుము దగ్గరికి పోతోంది. అక్కడిప్పుడు ఏమీ లేదు. తెగిన నాడా ముక్క ఒకటి వేలాడుతోంది. సంచిని దస్తీవాడు లాక్కుపోయాడు.

ఆ ముక్కను పట్టుకుని చూస్తూ ఉండగా తట్టింది ఆమెకు.

వాడు వెనక నుంచి వచ్చాడు. వెనక నుంచి వచ్చిన దొంగ మెడలో పుస్తెల మీద చెయ్యేస్తాడు. లేకపోతే నోరు మూస్తాడు. వీడి చెయ్యి అటూ ఇటూ తడమలేదు. నేరుగా కొంగు కిందికి, ఎడమ నడుము మీదికి వచ్చింది. ముందు సంచి తెంపి, ఆ తర్వాతే వాడు నోరు విప్పాడు. "రేపు నల్లగొండ పోయినవంటే మందల ఒక్క గొర్రె మిగలది" అన్నాడు. అంటే ఏమిటి? అక్కడ ఏముందో వాడికి తెలుసు. కొంగు కప్పుకుంటే కట్టుకున్న మొగుడికే కనిపించని సంచి అది!

ఉమారాణి కాళ్లకు చెప్పులు దొరకలేదు. జంగయ్య చెప్పులు తొడుక్కుని రోడ్డెక్కింది.

ఆ సంచి కథ కూడా కాస్త చెప్పుకోవాలి. చిట్యాలలో ఆమె అన్న పరమేష్ ఉన్నాడు. హైవే పక్కన మందుల కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజరు. మనిషి మంచివాడే కానీ ఆయుధాలంటే మహా మోజు. తుపాకీ లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, "నీకు తుపాకి ఎందుకయ్యా, నీకు శత్రువులెవరు?" అని అడిగితే జవాబు తట్టక వచ్చేసినవాడు. చెల్లెలికి నిజంగానే శత్రువులు ఏర్పడేసరికి దుఃఖంతో పాటు లోపలెక్కడో ఉత్సాహం కూడా పుట్టుకొచ్చింది. దొంగతనం జరిగాక ఒకరోజు ఆమెను పిలిచి, తన ఇంట్లో మంచం మీద అన్నీ పరిచాడు. మండలు నరికే గొడ్డలి, కొడవలి, మడతకత్తి, కారం పొట్లం, చివరికి మిరియాల స్ప్రే డబ్బా.

"ఆత్మరక్షణ అంటే ఏందనుకున్నవ్?" అని మొదలుపెట్టాడు. "గొడ్డలి చేతిలుంటే ధైర్యమే. కని అది లేపుటానికి జాగా కావాలె. మీద పడ్డోడు నీకు జాగా ఇయ్యడు. కత్తి గుంజుకున్నడనుకో, నీ కత్తే నీకు. కారం గాలికి నీ కండ్లల్లనే పడ్తది. గీ డబ్బా మంచిది. సంచిల అడుగున పడేస్తే ఎందుకూ పనికిరాదు. చేతికి అందాలె, ఎవ్వనికి కనవడొద్దు. ఎడమ నడుముకు కట్టుకో, కుడి చేత్తోని గుంజుకో."

అంతకు ముందు ఆమె గొడ్డలి వెంట పెట్టుకుని తిరిగి చూసింది. బస్సులో కండక్టరు దాన్ని తీసుకుపోయి డ్రైవరు సీటు వెనక పెట్టించాడు. దారంతా జనం ఆమెనే దొంగను చూసినట్టు చూశారు. అందుకని డబ్బాకే ఒప్పుకుంది. పరమేష్ భార్య శోభ మిషన్ కుడుతుంది. వదిన అప్పటికప్పుడు టేపుతో ఆడబిడ్డ నడుము కొలిచి, చీర రంగులోనే గుడ్డ వెతికి, నాడాలు పెట్టి సంచి కుట్టి ఇచ్చింది. కట్టి చూసి, "మా ఉమకు వడ్డాణం చేయించిన" అని నవ్వింది కూడా.

ఆ గదిలో ఉన్నది ఆ ముగ్గురే. ఆటోలో ఉమారాణి ఆ ముగ్గురిలోంచి తనను తీసేసింది. మిగిలింది అన్న, వదిన. చిట్యాల రాకముందే ఆటో ఆపించి దిగింది. దిగి, నడుస్తూ, ఎందుకు దిగానా అని తనను తానే తిట్టుకుంది.

పరమేష్ వాకిట్లో బైకు తుడుచుకుంటున్నాడు. చెల్లెలిని చూసి గుడ్డ పడేసి లేచాడు.

"ఏమైందే? ముఖం గట్లున్నదేంది? ఎవని చెప్పులవి?"

"అన్నా, నా ఎడమ నడుముకు డబ్బా ఉన్నదని ఎవ్వరికి చెప్పినవ్?"

"నేనా? నేను ఎవ్వనికి చెప్తనే? ఏమైంది, ముందుగాల అది చెప్పు."

నిలబడే చెప్పింది. వింటున్నకొద్దీ పరమేష్ ముఖం జేవురించింది. "వాన్ని కోసి కారం పెడ్త. బండి నంబరు చూసినవా? డ్యూటీల మా కంపెనీ పోరగాండ్లను అందర్ని తీస్కపోత" అంటూ వాకిలంతా కలియదిరిగాడు. ఆ కోపంలో నటన లేదు. ఉమారాణి చిన్నప్పటి నుంచీ ఎరిగిన కోపమే అది. ఎంత అరుపో అంత అమాయకత్వం. గుండె మీద బరువు కాస్త దిగింది. దిగినట్టే దిగి, మరో వైపు నుంచి ఎక్కి కూర్చుంది.

లోపల కుట్టుమిషను ఆడుతోంది. ఆడబిడ్డ గొంతు వినబడ్డా శోభ బయటికి రాలేదు. వచ్చీ రాగానే చెంబుతో నీళ్లిచ్చే మనిషి!

ఉమారాణి లోపలికి పోలేదు. ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి నడిచింది. ఎందుకు అటు పోయిందో ఆమెకూ తెలియదు. వదిన ముఖం చూడడాన్ని ఒక నిమిషం వాయిదా వేసుకుందామనే అనిపిస్తుంది నాకు. స్నానాల గది పక్కన ప్లాస్టిక్ బకెట్టు ఉంది. అందులో మగవాళ్ల చొక్కా నానుతోంది. నీళ్లు ఊదా రంగులో ఉన్నాయి.

వంగి చొక్కాను బయటికి లాగింది. కాలరుకు రంగు ఇంకా పట్టే ఉంది. అది అంత తొందరగా వదిలే రంగు కాదు. ఒకసారి గొర్రెకు కొడితే వాన పడ్డా పోదు. కారుతున్న చొక్కాను అలాగే చేతిలో పట్టుకుని, వెనక తలుపులోంచి నేరుగా కుట్టుమిషను ముందుకు వచ్చి నిలబడింది. నీళ్లు వదిన కుడుతున్న జాకెట్టు గుడ్డ మీద పడ్డాయి.

శోభ మిషను ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"నేనే చెప్పిన" అంది.

వెనకాలే వచ్చిన పరమేష్ గడపలోనే ఆగిపోయాడు.

"ఏం చెప్పినవ్ వదినా?"

"ఎడమ దిక్కు ఉన్నదని చెప్పిన. కొంగు కింద నాడా ఉంటది, గట్టిగ గుంజితే తెగుతదని చెప్పిన. నేను కుట్టిన నాడనే గదా. ఎంతల తెగుతదో నాకు ఎరుకే." కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి. గుడ్డ ఎక్కడికో పోతోంది, కుట్టు ఎక్కడో పడుతోంది. "మీద చెయ్యి వెయ్యొద్దన్న. కొట్టొద్దన్న. డబ్బా గుంజుకొని, బెదిరించి, ఎల్లిపొమ్మన్న. గంతే చెప్పిన."

"గంతేనా?"

"నీ చేతిల డబ్బా ఉంటే నువ్వు వాని కండ్లల్ల కొడ్తవ్. వాని కండ్లు పోతె మల్ల కేసు. అందుకే అది ముందుగాల గుంజుకొమ్మన్న. నీ మంచికే..." అక్కడ ఆమె గొంతు ఆగింది. ఆ మాట ఆమెకే పొసగలేదు. మిషను కూడా ఆగింది.

అండర్‌పాస్‌లో ఉమారాణికి భయమేసింది, అంతే. ఇప్పుడు నొప్పి పుట్టింది. పరాయివాడు తెంపిన నాడా కాదది. తనను తల్లిలా పక్కన కూర్చోబెట్టుకుని, నడుము చుట్టూ టేపు తిప్పి, "బిగువైతాందా బిడ్డా?" అని అడిగిన చేతులు తెంపించిన నాడా. తిట్టాలనుకుంది. 

"ఎవరి కోసం వదినా?" అని మాత్రం అడిగింది.

శోభ లోపలి గది తలుపు వైపు చూసింది. ఆ చూపు చూడగానే పరమేష్‌కు ముందు అర్థమైంది. "శ్రీకాంతా?" అన్నాడు. "పోలీసులు పట్టుకున్నది మన శ్రీకాంత్‌నా? కిరాయికి పోయిండు, కారు తీస్కొని పుణె దిక్కు పోయిండంటివి గదనే నాతోని!"

శ్రీకాంత్ అంటే మనస్విని మొగుడు. మనస్విని శోభ అక్క కూతురు. తల్లి పోతే ఈ ఇంట్లోనే పెరిగింది. ఎండాకాలంలో పెళ్లి చేసి భువనగిరికి పంపారు; మొగుడు ఊళ్లో లేడని ఈ మధ్యే వచ్చి ఇక్కడ ఉంటోంది. ఆ పెళ్లికి ఉమారాణి రాలేదు. ఎండాకాలమంతా మందతో మహబూబ్‌నగర్ దిక్కు మేపుకు పోయి ఉన్నారు. గొర్ల వాళ్లకు పెళ్లిళ్ల కాలమూ వలస కాలమూ ఒకటే అయి చస్తాయి. అందువల్లే డిక్కీ మూస్తున్న వాడి ముఖం చూసినా అతను తన అన్నకు అల్లుడి వరస అని ఆమెకు తెలియలేదు. పోలీసులకు చెప్పేటప్పుడు కూడా "సన్నగ, కనుబొమ్మ మీద మచ్చ" అంది కానీ పేరు చెప్పలేకపోయింది.

"పిల్లకు ఐదో నెల" అంది శోభ. "వాడు లోపల పడితే అత్తగారోళ్లు దాన్ని రానిస్తరా? వాని దోస్తు, మీ అన్న ఇంట్ల లేనప్పుడు గా చొక్కా ఇడిసిపోయినోడే, వచ్చి అడిగిండు. ఆమెను ఒక్కసారి బెదిరిస్తే చాలు, రేపు పోదు అన్నడు. నేను... నాకు ఇద్దరూ ఆడివిల్లలే ఉమా. ఒకదాన్ని బెదిరిస్తే ఒకదాని బతుకు నిలవడ్తదనుకున్న."

పరమేష్ ఒక్క అంగలో లోపలికి వచ్చి భార్య మీదికి చెయ్యెత్తాడు. ఉమారాణి తడి చొక్కా వదిలేసి ఆ చేతిని పట్టుకుంది. ఎత్తిన చెయ్యి దింపడానికి ఆమె బలమంతా కావలసి వచ్చింది.

"కొట్టకు అన్నా. దెబ్బలతోని అయ్యేది గాదు."

"నా ఇంట్ల నుంచే నీ మీదికి మనిషి పోయిండే! నేను నేర్పింది నేర్పినట్టు వానికి అప్పజెప్పింది!" పరమేష్‌కు ఏడుపు వచ్చేసింది. ఏడుపు వస్తే దాచుకోవడం చేతకాని మనిషి. మంచం మీద కూర్చుని కండువాతో ముఖం కప్పుకున్నాడు. ఆ మంచమే అప్పట్లో గొడ్డలీ కత్తీ పరిచిన మంచం. ఇంటి పక్క కిరాణా దుకాణంలో జానీ అనే కుర్రాడు పాటలు పెట్టుకుని సామాను సర్దుకుంటున్నాడు. అతనికి ఈ గోల వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో.

ఉమారాణి నిలబడలేకపోయింది. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. రేపు పోతే ఈ ఇంట్లో ఇంకెప్పుడూ మంచినీళ్లు పుట్టవు. పోకపోతే సైదులు కుంటుతూ నడిచినన్నాళ్లూ తనకు అన్నం దిగదు. ఆ ఊదా ముఖంవాడు మరో మంద మీదికి, మరో సైదులు మీదికి పోతాడు. ఇన్నాళ్లూ ఆమె బెంగంతా నడుముకు ఏం కట్టుకోవాలా అన్నదే. ఎవరి ముందు విప్పి చూపిస్తున్నానా అని ఒక్కసారీ ఆలోచించలేదు. అలా ఆలోచించే ఇంట్లో ఆమె పుట్టలేదు.

"నేను రేపు పోత వదినా" అంది చివరికి. "నువ్వు వంద మందిని పంపినా పోత. నా మొగని కాలు అది."

శోభ నోరు తెరిచేలోపు లోపలి గది తలుపు తెరుచుకుంది.

మనస్విని చాలాసేపటి నుంచీ తలుపు వెనకే ఉన్నట్టుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పిన్ని వైపు చూడలేదు, చిన్నాయన వైపు చూడలేదు. నేరుగా ఉమారాణి దగ్గరికి వచ్చి, కింద పడ్డ చొక్కాను కాలితో పక్కకు నెట్టింది.

"పో అత్తా" అంది. "రేపు పో. ఆయన్నే చూపెట్టు. కారు నడిపింది ఆయననే. జైలుకు ములాఖత్‌కు పోతే ఆయననే నాకు చెప్పిండు. నేను అడ్డం రాను. పిన్ని చేసిన పని నాకు ఎరుక లేదు. ఎరుకుంటే చెయ్యనియ్యకపోదును."

"మనూ!" అని శోభ కేకేసింది.

"నువ్వు ఊకో పిన్నీ." ఆ పిల్ల ఉమారాణి వైపే చూస్తూ అంది. "తప్పు చేసినోని పేరు చెప్పాలె. అందరి పేర్లు చెప్పాలె. అందుకే అత్తా, రేపు జైలుకు పొయ్యేముందుగాల ఇంటికి పోయి, సైదులు మామను ఒక్క మాట అడుగు."

"ఏమని?"

"ఆ పొద్దు కుక్కలను ఎందుకు కట్టేసిండో అడుగు."

గదిలో మిగతావాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. పరమేష్ కండువా తీసి, "ఏ కుక్కలు?" అన్నాడు.

ఉమారాణికి అర్థమైంది. మంద దగ్గర రెండు కుక్కలుంటాయి. పరాయి మనిషి నీడ పడితే చీల్చేసే రకం. అవి విడిగా ఉంటే కారు తలుపు తీయడానికి కూడా ఎవడికీ గుండె చాలదు. ఆ రోజు ఆమె పరుగెత్తుకుంటూ వచ్చేసరికి రెండూ తుమ్మచెట్టుకు కట్టేసి ఉన్నాయి. తాళ్లు విప్పింది ఆమే. కుక్కలు ఎక్కడున్నాయని పోలీసులు అడిగితే, ఊరి దిక్కు పోయినయ్ సార్ అని చెప్పిందీ ఆమే. విరిగిన కాలు రెండు చేతులా పట్టుకుని, ఆ అబద్ధం చెప్పమని ఆమె చెవిలో బతిమాలింది సైదులు.